నగరాకాశమున డ్రోను: నియమములు, అనుమతులు



ఈ సాయంకాలము మీతో ముచ్చటింపుమని రేడియోవారు నాకిచ్చిన విషయము మీలో కొందఱికి వింతగ తోపవచ్చును. ముప్పదియైదేండ్లు బడిలో వ్యాకరణమును, నీతిపద్యములను చెప్పి విశ్రాంతి తీసికొన్న పంతులు, నగరములందు డ్రోను లెగురవేయుటకు ప్రభుత్వమువా రేర్పఱచిన నియమములను గూర్చి ప్రసంగించుట యేమి యని మీ రడుగవచ్చును. నేను యంత్రశాస్త్రము నభ్యసించినవాడను గాను. అయినను ఈ విషయమున మా యింట నొక చేదు అనుభవము కలిగినది. అది కలిగిన పిదప ఆ నియమములను తెప్పించుకొని ఒకటికి రెండుసార్లు చదివితిని. చదువక ముందు నేను చేసిన తప్పు మీరు చేయకుందురు గాక యను కోరికతో నేడు మీ యెదుట మాటలాడుచున్నాను.

మొదట డ్రోను అనగా నేమో చెప్పుదును. ఆంగ్లమున ఆ మాటకు మగ తేనెటీగ యని యర్థము. ఈ యంత్రము పైకి లేచునపుడు దాని నాలుగు రెక్కలు గిఱ్ఱున తిరిగి ఝుమ్మని మ్రోయును గనుక ఆ పేరు దానికి చక్కగ అమరినది. చట్టములో దీనిని మానవరహిత విమానమందురు. పుష్పకవిమానపు కథ మన మెఱిగినదే. దాని నధిష్ఠించినవాడు దానియందే కూర్చుండెను. ఇందు అట్లు గాదు. నడుపువాడు నేలమీద నిలిచి, చేతిలోని చిన్న పెట్టెయందలి మీటలను కదల్చుచుండును. యంత్రమొక్కటే ఆకాశమున విహరించును. చిక్కంతయు ఇక్కడనే యున్నది. విమానము కూలినచో దానిని నడుపువాని ప్రాణమునకే ముప్పు గనుక వాడు జాగరూకుడై యుండును. డ్రోను కూలినచో నడుపువానికి సామాన్యముగ ఏమియు కాదు. దెబ్బ తగులునది క్రింద నున్నవారికి. తన దేహమునకు రాని యపాయము విషయమున మనుష్యుడు జాగ్రత్తగ నుండుట అరుదు. అందుచేతనే నియమములు పుట్టినవి.

ఇక మా యింటి సంగతి వినుడు. కొన్నేండ్ల క్రిందట మాఘమాసమున మా తమ్ముని మనుమరాలి వివాహము హైదరాబాదు నగరమున జరిగినది. పెండ్లి చిత్రములు తీయుటకు మా యూరి కుఱ్ఱవాడొకడు, నాయొద్ద చదువుకొన్నవాడు, అప్పుచేసి డ్రోను కొన్నాడని తెలిసి నేనే అతనిని సిఫారసు చేసితిని. నా మాటమీదనే మా తమ్ముడతనిని కుదిర్చెను. పొలములపైన, చెఱువులపైన ఆ యంత్రమును చక్కగ త్రిప్పగల నేర్పరి. కాని నగరమున నెగురవేయుట ఆతనికదియే మొదటిసారి. అన్నప్రాసననాడే ఆవకాయ పెట్టినట్లు, వేయిమంది జనమును, విద్యుద్దీపముల తోరణములును గల మంటపముపై ఆతడు డ్రోనును లేపెను.

ముహూర్తమునకు గంట ముందు ప్రక్కయింటి యిల్లాలు ద్వారముకడకు వచ్చినది. "మీ యంత్రము మా మేడయెదుట వచ్చి నిలుచుచున్నదండీ. మా అమ్మాయి తల ఆరబెట్టుకొనుచున్నది. దానిని కొంచెము ఇటు త్రిప్పించుడు" అని వేడుకొన్నది. అప్పుడు నేను ద్వారముకడ కుర్చీలో కూర్చుండి యున్నాను. "పెండ్లియిల్లమ్మా, ఒక్క పూట సర్దుకొనుము" అంటిని. ఆమె మాఱు పలుకక వెడలిపోయినది. పెద్దఱికము చూపితినని నేను లోలోన సంతోషించితిని గూడ.

వధూవరులు దండలు మార్చుకొను సమయమున పూలు చల్లుటకై డ్రోను క్రిందికి దిగినది. ఇంతలో గాలి విసరినది. దీపపు తీగ రెక్కకు తగిలినది. యంత్రము గిలగిల కొట్టుకొని, ముందు వరుసలో కూర్చున్న మా అక్కయ్య చేతిమీద పడినది. ఆమెకు అప్పటికి డెబ్బదియెనిమిది సంవత్సరములు. రెక్క కోసినచోట నాలుగు కుట్లు పడినవి. శుభకార్యము చెడగూడదని ఆమెయే కొంగుతో చేయి చుట్టుకొని, "ఏమియు లేదు, కానిండు" అన్నది. మేమును కానిచ్చితిమి. ఎవరికిని చెప్పలేదు, ఎచ్చటను వ్రాయలేదు. ఆ చేతి చిటికెనవ్రేలు నేటికిని సరిగ ముడుచుకొనదు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, ఊరు చేరిన పిదప ఆ కుఱ్ఱవానిని పిలిచి కూర్చుండబెట్టి, ఇరువురమును నియమములు చదువ మొదలిడితిమి. చదివినకొలది ఇరువురకును సిగ్గు కలిగినది. ఆ చదివినదానినే నేడు మీకు వరుసగ చెప్పుదును.

మన దేశమున 2014వ సంవత్సరము అక్టోబరులో పౌరవిమానయాన డైరెక్టరు జనరలువారు ఒక ప్రకటన చేసి, నియమము లేర్పడువఱకు సామాన్యు లెవ్వరును డ్రోనుల నెగురవేయగూడదనిరి. 2018వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీనుండి మొదటి నిబంధనలు అమలునకు వచ్చినవి. అవి మిక్కిలి బిగువుగ నుండెను. తుదకు 2021వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన డ్రోను నియమావళి వెలువడినది. పూర్వము నింపవలసిన పత్రములు 25 రకము లుండగా వానిని 5 చేసిరి. రుసుములు 72 విధము లుండగా 4 చేసిరి. అనగా త్రాటిని వదులు చేసిరే గాని తెంచివేయలేదు.

పూర్తిగ తెంచరాదా యని కొందఱందురు. రెండు నిదర్శనములు చెప్పుదును. 2018వ సంవత్సరము డిసెంబరులో ఇంగ్లండునందలి గాట్విక్ విమానాశ్రయమునొద్ద డ్రోనులు కనబడినవని వార్త పుట్టగా, విమానముల రాకపోకలు ఆగిపోయి ఇంచుమించు 1,40,000 మంది ప్రయాణికులు చిక్కుపడిరి. యంత్రము విమానమునకు తగులనే లేదు. కనబడినదన్న మాటకే అంత జరిగినది. మన దేశమున 2021వ సంవత్సరము జూన్ 27వ తేదీన జమ్మూలోని వాయుసేన స్థావరముపై డ్రోనులచే ప్రేలుడు పదార్థములు జారవిడిచిరి. ఇద్దఱు సైనికులు గాయపడిరి. పెండ్లిలో పూలు చల్లు యంత్రమునకును, బాంబు జారవిడుచు యంత్రమునకును నేలమీదనుండి చూచిన పోలీసువానికి భేదము తెలియదు. భేదము తెలియుటకే పేరును, సంఖ్యయు, అనుమతియు.

నియమావళి డ్రోనులను బరువునుబట్టి ఐదు తరగతులుగ విభజించినది. మోయుచున్న సరకుతో గూడ తూచవలయును. పావుకిలో, అనగా 250 గ్రాములవఱకు నుండునది నానో. అంతకు మించి 2 కిలోలవఱకు మైక్రో. 2 కిలోలకు మించి 25 కిలోలవఱకు, అనగా మనము కొను బియ్యపు మూట బరువువఱకు, చిన్నది. 25 మొదలు 150 కిలోలవఱకు మధ్యమము. ఆపై పెద్దది. పెండ్లిండ్లలో చిత్రములు తీయునవి తఱచుగ మైక్రో తరగతిలోనివి. చేలకు మందు చల్లునవి బరువైనవి గనుక చిన్నతరగతిలోనో ఆ పైననో చేరును.

బరువు తరువాత తెలియవలసినది స్థలము. మన దేశపు ఆకాశమునంతయు మూడు రంగులతో పటముగ వ్రాసి, 2021వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన డిజిటల్ స్కై అను సర్కారువారి అంతర్జాల వేదికపై ఉంచిరి. చేతిఫోనులో ఎవ్వరైనను చూడవచ్చును. ఆకుపచ్చ భాగమున 400 అడుగుల యెత్తువఱకు ముందుగ అనుమతి కోరకయే యెగురవేయవచ్చును. 400 అడుగులనగా ఇంచుమించు గోలకొండ కోట నిలిచియున్న గుట్ట యెత్తు. పసుపు భాగమున విమానములకు త్రోవచూపు నియంత్రణాధికారుల అనుమతి పొందవలయును. ఎఱుపు భాగమున కేంద్రప్రభుత్వమువారి అనుమతి లేక రెక్క కదల్పరాదు.

విమానాశ్రయముల చుట్టును ఈ రంగులు ఉంగరములవలె నుండును. ప్రహరీగోడనుండి 8 కిలోమీటర్లు మొదలు 12 కిలోమీటర్లవఱకు గల వలయమున 200 అడుగులవఱకు మాత్రమే ఆకుపచ్చ. 200 అడుగులనగా చార్మినారు మీనారులకు కొంచెము పైమాట. ఆపైని పసుపు. 8 కిలోమీటర్ల లోపల నేలనుండియే అనుమతి కావలయును. ఎత్తును ఇట్లేల తగ్గించిరనగా, విమానములు సామాన్యముగ చాల యెత్తున పోవును గాని, దిగునపుడును ఎక్కునపుడును ఆశ్రయమునకు సమీపమున నేలకు దాపుగ వచ్చును. ఎచ్చటనైనను మనుష్యులున్న విమానము ఎదురైనచో డ్రోనే తప్పుకొనవలయునని నియమము.

ఇప్పుడు హైదరాబాదు సంగతి ఆలోచింపుడు. దక్షిణమున శంషాబాదు విమానాశ్రయము. నడిబొడ్డున బేగంపేట, 2008వ సంవత్సరమున సామాన్య ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలినను, అచ్చట ప్రముఖుల విమానములును సైనిక విమానములును దిగుట మానలేదు. ఉత్తరమున హకీంపేట వాయుసేన స్థావరము. వాయవ్యమున దుండిగల్ వాయుసేనా విద్యాలయము. ఈ నాలుగింటి చుట్టును ఉంగరములు గీచి చూచినచో నగరమున ఎంతభాగము రంగులలో చిక్కునో మీరే ఊహింపవచ్చును. విజయవాడకు గన్నవరము, విశాఖపట్టణమునకు విమానాశ్రయమే నౌకాదళమువారిది, పైగా తూర్పు నౌకాదళపు ప్రధానస్థావర మచ్చట నున్నది. మా పెండ్లిమంటప మెక్కడ నున్నదో పటములో వెదకితిమి. పసుపులో నున్నది. అనుమతి మాట యటుండనిండు. అనుమతి యొకటి కలదని గూడ మేమెఱుగము.

పటము ఒకసారి చూచినంతమాత్రమున చాలదు. రంగులు మాఱుచుండును. ప్రముఖులు వచ్చునపుడు, ఊరేగింపులు జరుగునపుడు రాష్ట్రప్రభుత్వమువారుగాని పోలీసు అధికారులుగాని ఒక ప్రదేశమును తాత్కాలికముగ ఎఱుపు చేయవచ్చును. అది గాక పోలీసు కమిషనరులు నిషేధపు ఉత్తర్వు లిచ్చుటయు కలదు. 2025వ సంవత్సరము మే మాసమున పాకిస్తానుతో ఘర్షణ జరిగిన దినములలో ముంబై నగరమున డ్రోనులను ఎగురవేయుట నట్లే నిషేధించిరి. కావున ఎగురవేయు ప్రతిసారియు ఆ దినపు పటమును చూడవలయును. నగరమున నైనచో ఆ పేట పోలీసు స్టేషనులో ముందుగ తెలుపుట వివేకము. తిరుమల వంటి పుణ్యక్షేత్రముల విషయమున వేఱుగ చెప్పనక్కఱ లేదు. కొండపై డ్రోనుల నెగురవేయుటకు దేవస్థానమువారు ఒప్పుకొనరు.

స్థలము తరువాత పత్రములు. బండికి నంబరున్నట్లు డ్రోనునకును ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య యుండవలయును. నమోదునకు రుసుము 100 రూపాయలు. బండి నడుపువానికి లైసెన్సున్నట్లు దీనిని నడుపువానికి దూరచాలక ధ్రువపత్రము కావలయును. వయస్సు 18 మొదలు 65 లోపల నుండవలయును. పదవ తరగతి యుత్తీర్ణుడై, ప్రభుత్వామోదము పొందిన శిక్షణసంస్థలో నేర్చి పరీక్ష నిచ్చియుండవలయును. ఆ పత్రము పది సంవత్సరములు చెల్లును. పూర్వము పాస్‌పోర్టు కావలెననెడివారు. 2023వ సంవత్సరము సెప్టెంబరులో ఆ నిబంధనను సడలించి, ఓటరు కార్డుగాని, రేషను కార్డుగాని, డ్రైవింగు లైసెన్సుగాని చాలునన్నారు. మన పల్లెల పిల్లలకు ఇది మేలైన మార్పు.

నానో డ్రోనునకు ధ్రువపత్రము అక్కఱలేదు. మైక్రో డ్రోనును వ్యాపారము నిమిత్తము గాక ఊరక వినోదమునకు నడుపువానికిని అక్కఱలేదు. ఇచ్చటనే మా కుఱ్ఱవాడు పొరబడినాడు. "నాది చిన్నది గదా మాస్టారూ, దానికి పత్రము లేల యని దుకాణమువాడు చెప్పినాడు" అన్నాడు. దుకాణమువాడు సగము సత్యము చెప్పినాడు. పెండ్లికి రుసుము పుచ్చుకొన్న క్షణముననే అది వినోదము గాదు, వ్యాపారము. సగము సత్యము అసత్యముకంటె ఎక్కువమందిని ముంచును. నియమముల నతిక్రమించినచో లక్ష రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చును; ఇతర చట్టముల ప్రకారము కలుగు శిక్ష వేఱు.

విదేశములలో పిల్లలున్న పెద్దలకు ఒక మాట. అమెరికానుండి వచ్చు కొడుకో అల్లుడో మనుమనికి కానుకగ డ్రోను తెత్తుననును. 2022వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన మన ప్రభుత్వము విదేశీ డ్రోనుల దిగుమతిని నిషేధించినది. పరిశోధన, దేశరక్షణ, భద్రత అను అవసరములకు మాత్రమే మినహాయింపు గలదు. తెచ్చినచో విమానాశ్రయమున సుంకాధికారులు నిలుపుదురు. ఇచ్చటనుండి వెళ్లినవారికిని అచ్చట నియమములు లేకపోలేదు. అమెరికాలో 250 గ్రాములు మించిన డ్రోనును వినోదమునకైనను నమోదు చేయింపవలసినదే.

ఇక ప్రమాదము. డ్రోనువలన ఎవరికైన దెబ్బ తగిలినచో నడుపువాడు 48 గంటలలోపల పౌరవిమానయాన డైరెక్టరు జనరలువారికి నివేదింపవలయును. నానో తప్ప తక్కిన డ్రోనులకు, దారినిపోవు బండ్లకువలెనే, పరులకు కలుగు నష్టమునకు బీమా యుండవలయును. బీమాయే యున్నచో మా అక్కయ్య వైద్యమునకైన ఖర్చు ఆ పేదకుఱ్ఱవాని నెత్తిని పడియుండదు. నివేదికయే వ్రాసియున్నచో అట్టి ప్రమాదము లెక్కడెక్కడ, ఎందుచేత జరుగుచున్నవో ఏలినవారికి తెలిసియుండును. మనము శుభకార్యమని దాచినది మఱియొకరి యింట అశుభమగుటకు దారి విడుచుటయే యగును. ఇది నేను ఆలస్యముగ గ్రహించిన సంగతి.

అన్నిటికంటె నన్ను బాధించినది మఱియొకటి. ఆ ప్రక్కయింటి యిల్లాలి మాట. పూర్వము నగరములందైనను మన యింటి మేడ మన యేకాంతస్థలము. గోడ నాలుగడుగులు లేపినచో పరుని చూపు ఆగెడిది. ఈ యంత్రమునకు గోడ లేదు. 2017వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన మన సుప్రీముకోర్టువారు ఏకాంతత ప్రతిమనుష్యుని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. స్త్రీ తన యేకాంతమున నుండగా, పరులు చూడరను నమ్మకముతో నున్నపుడు, ఆమెను దొంగచాటుగ చిత్రించుట భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను ప్రకారము నేరము. మొదటి తప్పునకే ఒక సంవత్సరమునకు తక్కువగాక మూడు సంవత్సరములవఱకు కారాగారవాసము. మేడమీద తల ఆరబెట్టుకొనుట ఆ సెక్షనులోనికి వచ్చునా రాదా యని న్యాయవాదులు వాదింపవచ్చును. మర్యాదకు వాద మక్కఱలేదు. వద్దని ఒక తల్లి చెప్పిన తరువాత అచ్చట కన్ను పెట్టగూడదు.

నియమములు చదివిన తరువాతి నెలలో నేను హైదరాబాదు పోయి, ఆ యింటి తలుపు తట్టితిని. ఆమె నన్ను గుర్తించినది. కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చినది. క్షమింపుమని నేను చెప్పగా ఆమె కొంతసేపు ఊరకుండి, "మా అమ్మాయి ఆనాటినుండి మేడ యెక్కుట లేదండీ" అన్నది. అంతకుమించి యొక్కమాట అనలేదు. ముప్పదియైదేండ్లు పిల్లలకు మర్యాదలు బోధించినవాడను. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయినది. ఆ కుఱ్ఱవాడు ఆనాడు తీసిన చిత్రములలో ఆ మేడ కనబడినవానినన్నిటిని మా యెదుటనే తుడిచివేసినాడని చెప్పి నమస్కరించి వచ్చితిని.

ఇంత చెప్పుటచేత నేను డ్రోనుకు శత్రువునని తలంపకుడు. 2021వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన మన వికారాబాదులోనే ఆకాశమార్గమున ఔషధములు పంపు ప్రయత్నమునకు ప్రారంభోత్సవము జరిగినది. నడుపువాని కంటికి కనబడనంత దూరము డ్రోనును పంపుటకు అచ్చట ప్రత్యేకానుమతి పొందిరి. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి వారమున బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు మునిగినపుడు, పడవలు చొరరాని సందులలో మేడలమీద చిక్కియున్నవారికి ఆహారమును, నీరును, మందులును డ్రోనులచే అందించిరి. ఆనాడు మేడమీదికి వచ్చిన యంత్రమును చూచి జనులు చేతులెత్తి పిలిచిరి. మేడ అదియే, యంత్రము అదియే. పిలిచిన వచ్చుట వేఱు, పిలువక వచ్చుట వేఱు. మన స్వయంసహాయక సంఘముల స్త్రీలకు 15,000 డ్రోను లిచ్చుటకు 2023వ సంవత్సరమున కేంద్రప్రభుత్వమువారు పథక మేర్పఱచిరి. చేలలో మందు చల్లుట, నగరములలో భూములు కొలుచుట, వంతెనలు పరీక్షించుట మొదలైన పనులలో మన బిడ్డలకు జీవనోపాధి కలదు. జీవనోపాధి నిలువవలెననిన నియమము తెలియవలెను.

మా కుఱ్ఱవాని సంగతి చెప్పి ముగింతును. ఆతడు విఱిగిన యంత్రమును మూల పెట్టి, ఒక శిక్షణసంస్థలో చేరి నేర్చి ధ్రువపత్రము సంపాదించినాడు. ఇప్పుడు ధ్రువపత్రము, డ్రోను సంఖ్య, బీమాపత్రము మూడును ఒక సంచిలో పెట్టుకొని తిరుగుచున్నాడు. నగరమున నెవరైన పిలిచినచో మొదట పటము చూచును. పసుపైనచో అనుమతికి వ్రాయును. అనుమతి రానిచో పని మానుకొనును. అట్లు మానుకొన్నందున ఆతనికి కొన్ని బేరములు పోయినమాట నిజమే. పోయిన బేరమును గూర్చి ఆతడు నాతో చెప్పినప్పుడు నాకు చింత కలుగును గాని, వానిని తిరిగి రప్పింపుమని మాత్రము చెప్పను.

పల్లెపెద్దలారా, నగరములో మన పిల్లల పెండ్లిండ్లు జరుగును, గృహప్రవేశములు జరుగును. డ్రోనువానిని కుదుర్చునది యువకులైనను, సంచిలోని సొమ్ము తీసి యిచ్చునది మనమే. సొమ్మిచ్చుటకు ముందు ఐదు ప్రశ్న లడుగుడు. నాయనా, నీ డ్రోనునకు సంఖ్య యున్నదా? నీకు ధ్రువపత్రమున్నదా? బీమా యున్నదా? మంటప మే రంగులో నున్నదో నేటి పటము చూచితివా? ఇరుగుపొరుగువారితో చెప్పితివా? ఐదింటిలో ఏ యొక్కదానికి జవాబు తడబడినను ఆ యంత్రమును పెట్టెలోనే యుంచుమనుడు. జనుల తలలపైకి దానిని తేవలదనుడు. పూలు మన చేతులతో చల్లుకొందము. మన పెద్దలు అట్లే చల్లిరి.

ఐదవ ప్రశ్న నియమావళిలో లేదు. దానిని నేను చేర్చితిని. ఎవరైన తల్లి ద్వారముకడకు వచ్చి వద్దని చెప్పినచో, పెండ్లిపెద్దయై కుర్చీలో కూర్చున్నవాడు లేచి నిలువబడి వినవలయును. ఆనాడు నేను లేవలేదు.

నియమములు ముందుముందు ఇంకను మాఱవచ్చును. 2025వ సంవత్సరము సెప్టెంబరులో పౌరవిమానయాన శాఖవారు డ్రోనులకు ప్రత్యేకముగ ఒక చట్టపు ముసాయిదాను ప్రకటించి ప్రజల యభిప్రాయములను కోరిరి. కావున నేను చెప్పిన లెక్కలను కంఠస్థము చేయవలసిన పనిలేదు. ఎప్పటికప్పుడు విచారించి తెలిసికొనుట ముఖ్యము. మా అక్కయ్య ఈ ప్రసంగమును ఊరిలో వినుచుండును. ఆమె చేతికి నేను క్షమాపణ చెప్పుకొనుట ఇది మొదటిసారి గాదు. పదిమంది వినగా చెప్పుకొనుట మాత్ర మిదియే మొదటిసారి.